రాగి పూసలను ఆడించిన సారు

భూపాలపల్లిలో మా కాలేజీ స్టాఫ్ రూములో మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫోను ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు. సారు పోయాడట. ముందు ఫోటో వచ్చింది, దాని వెనకాల దండం పెట్టే చేతులు వచ్చాయి, ఆ తర్వాత ఎవరో "విద్యుత్ రసాయన శాస్త్రానికి తీరని లోటు" అని రాస్తే మిగతావాళ్ళంతా దాన్నే తిప్పి తిప్పి పంపారు. పెరుగన్నం చెయ్యి గాల్లో ఆపి నేను ఆ ఫోటో చూశాను. శాలువా కప్పుకున్న ఫోటో. శాలువా లేని ఫోటో ఆయనకు ఒకటి ఉంటుందని కూడా నేననుకోను.

సాయంత్రానికి జనగామ నుంచి ఒకప్పటి నా తోటి స్కాలరు ఫోన్ చేశాడు. సంతాప సభ రోజు చిన్న పుస్తకం పంచుతారట. "నువ్వు గూడ సారు కాడ చేసినవు గద, నాలుగు మంచి మాటలు రాసియ్యి" అన్నాడు. నాలుగు మాటల కోసం నిజాయితీగానే వెతికాను. చావు కబురు విన్నాక మనసు కాస్తయినా మెత్తబడుతుందంటారు కదా, మెత్తబడుతుందేమోనని ఆగి కూడా చూశాను. ఏమీ కాలేదు. కాబట్టి ఇది వాళ్ళ పుస్తకానికి రాస్తున్నది కాదు. ఇంకో సంగతి, "వారు అన్నారు, వారు చేశారు" అని రాయడం కూడా నావల్ల కాదు. ఆయన అన్నాడు, ఆయన చేశాడు. అంతకన్నా ఎక్కువ మర్యాద నా దగ్గర లేదు.

ఆయనకు మా ఎవరి పేర్లూ గుర్తుండేవి కావు. గుర్తు పెట్టుకోవాలని అనుకోలేదు అనడం సరైన మాట. ఊరి పేరుతో పిలిచేవాడు. నేను గూడూరు. నా పక్క బల్ల మీద పనిచేసే అబ్బాయి కాటారం. "గూడూరు, పంపు పెట్టు. కాటారం, చాయ్ చెప్పు." మాది గూడూరు కూడా కాదు, గూడూరు దాటి అడవి అంచున ఉన్న తండా. ఆ మాట ఒకసారి చెప్పాను. "తండానా? ఇగ జెప్పవేంది! మీకు ఆటపాట పుట్టుకతోనే వస్తది. మరి గీ పూసలను జర మంచిగ ఆడియ్యి" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు తర్వాత చుట్టూ చూసేవాడు, ఇంకెవరు నవ్వుతున్నారో లెక్క చూసుకున్నట్టు. కాటారం నవ్వలేదు. అందుకే ఆ అబ్బాయంటే నాకు ఇప్పటికీ గౌరవం.

పూసలు అంటే ఏమిటో చెప్పాలి. జనగామలో ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో ఆయన పరిశోధన విభాగానికి పెద్ద. అంతకు ముందు పట్నంలో ఎక్కడో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై వచ్చాడు. చిల్పూర్ వైపు భూములున్న ఇంటివాడు, తన ఊరికి దగ్గరగా ఉంటుందని ఇక్కడికి వచ్చాడు. ఆయన సొత్తంతా నిలువెత్తు గాజు గొట్టం ఒకటి. అందులో ఆవగింజల్లాంటి రాగి పూసలు పోసి ఉంటాయి. రాగి కరిగిన నీలం నీళ్ళను పంపుతో అడుగు నుంచి పైకి తోస్తే పూసలు లేచి కదలడం మొదలుపెడతాయి. మధ్యలో ఒక రాగి కడ్డీ కరెంటు అందిస్తుంది. గుడ్డ తెర అవతల సీసం పలక ఉంటుంది. నీళ్ళలో కరిగి ఉన్న రాగి వచ్చి పూసల మీద పూతలా పేరుకుంటుంది. పూసలు లావెక్కుతాయి, నీళ్ళ నీలం పోతుంది. మురుగులో కలిసిపోయే రాగిని ఇలా వెనక్కి తీసుకోవచ్చు. దీన్ని ఫ్లూయిడైజ్డ్ బెడ్ ఎలక్ట్రోడ్ అంటారు. మంచి ఆలోచన. ఆయనది కాదు, ఆయన పుట్టకముందు కాకపోయినా ఆయనకు తెలియకముందే ఎవరో చేసి పెట్టినది. కానీ వచ్చినవాళ్ళకు చెప్పేటప్పుడు గొట్టం మీద చెయ్యి వేసి "నా బిడ్డ" అనేవాడు.

ఈ పద్ధతికి కీలకం ఒక్కటే. పూసలు ఒకదానికొకటి తగులుతూ ఉండాలి. ఉడుకు పట్టిన అన్నంలో మెతుకులు కదిలినట్టు కదలాలి, అంతే. అప్పుడే కడ్డీలోని కరెంటు పూస నుంచి పూసకు అందుతుంది. పంపు జోరు పెంచితే పూసలు విడివిడిగా గొట్టం నిండా ఎగురుతాయి. చూడటానికి ఎంతో బాగుంటుంది. ఎర్రటి పూసలు, నీలం నీళ్ళు, వెనక దీపం. కానీ ఎగిరే పూసకు కరెంటు అందదు. కరెంటు అందని పూస మీద పూత పట్టదు సరికదా, ఆ పుల్లటి నీళ్ళలో దాని ఒంటి మీది రాగే కరగడం మొదలవుతుంది. ఆడుతున్నంతసేపూ అరిగిపోతుంటుంది.

సారుకు ఆట కావాలి. ఎవరైనా చూడటానికి వస్తే చాలు, పంపు తిప్పే చక్రం దగ్గరికి తానే పోయి నిలబడేవాడు. మామూలప్పుడు ఆ గదిలో కాలు పెట్టని మనిషి. మాతో మాట్లాడేది వేరు, వచ్చినవాళ్ళతో మాట్లాడేది వేరు. మాతో "ఏమైంది, ఎట్ల వచ్చింది, జల్ది చెప్పు" అనే నోరు, వాళ్ళు గడప తొక్కగానే "రండి రండి, ఎప్పుడు బయల్దేరారండీ" అని సినిమా పెద్దమనిషి భాషలోకి దూకేది. ఆ "అండీ" ఆయన నాలుక మీద అద్దె ఇంట్లో ఉన్నట్టు ఉండేది. చక్రం మెల్లగా తిప్పుతూ "చూడండి, లేస్తోంది... లేస్తోంది..." అని గొంతు తగ్గించి, పూసలు గొట్టం నిండా ఎగరగానే రెండు చేతులూ చాచేవాడు. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. చప్పట్లు అయ్యాక ఎవరూ నీళ్ళలో రాగి తగ్గిందా అని అడగలేదు. నేనున్నన్నాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

నేను అడిగాను. పంపు ఎంత జోరుగా పెడితే ఎంత పూత పడుతుందో, ఎప్పుడు కరగడం మొదలవుతుందో కొలిచి, గీత గీసి తీసుకుపోయాను. ఆయన చాయ్ తాగుతూ చూశాడు. కింది వైపు పడిపోయిన చుక్కల మీద వేలు పెట్టాడు.

"గివేంది?"

"పూసలు ఎగిరినప్పుడు సార్. రాగి పట్టుడు లేదు, కరుగుతున్నది."

"తప్పిపోయిన గొర్లు. తీసెయ్."

"తప్పిపోలేదు సార్. మళ్ళ మళ్ళ చేసిన. ప్రతిసారి గిట్లనే వస్తున్నది."

అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, నన్ను చూడకుండా అన్నాడు: "గూడూరు, నీకు చదువు అబ్బింది గని చూపు అబ్బలేదు. మనిషి కంటికి ఏం కనబడ్తదో గదే సైన్సు. మిగతాది పొద్దువోక చెప్పే ముచ్చట."

ఒళ్ళు మండింది. ఆ మాటను ఆయన తర్వాత ఎన్ని వేదికల మీద చెప్పాడో! "మనిషి కంటికి ఏం కనబడుతుందో అదే సైన్సు అండీ" అని. జనం తలలూపేవాళ్ళు. మెడలో మళ్ళీ ఒక శాలువా పడేది. ఆ శాలువాలను బీరువాలో మడతపెట్టి దాచి, ఇంకో సభలో ఇంకొకరికి కప్పేవాడు. ఆ ఇంకొకరు కూడా అలాంటివాళ్ళే కనుక శాలువాలు జనగామ, మహబూబాబాద్ మధ్య తిరుగుతూ ఉండేవి. ఒక నెమలికంఠం రంగు శాలువా ఏడాది తిరక్కుండా మళ్ళీ ఆయన భుజాల మీదికే రావడం నేను కళ్ళారా చూశాను. ఆయన గుర్తుపట్టాడు కూడా. అయినా తల వంచి, కళ్ళు తుడుచుకున్నాడు.

ఇదంతా నవ్వుకుని వదిలేయాల్సిన సంగతి. ఇలాంటివాళ్ళు ప్రతి కాలేజీకీ ఒకరుంటారు. అనసూయక్క లేకపోతే నేనూ వదిలేసేదాన్ని.

జనగామకు దగ్గర్లో ఇత్తడి పనివాళ్ళ వాడ ఒకటుంది. రేకును కొట్టి బిందెలు, పళ్ళాలు, గుడి తలుపులకు తొడుగులు చేస్తారు. కొట్టిన ఇత్తడి నల్లబడుతుంది. దాన్ని పుల్లనీళ్ళ తొట్లో ముంచి తీస్తేగాని మెరుపు రాదు. వాడకంతటికీ ఆ ముంచి తీసే పని చేసేది అనసూయక్క షెడ్డు. భర్త పోయాక ఆ తొట్లను ఆమే నడుపుతోంది. ఒకటే రకం రబ్బరు చేతితొడుగులు, కొక్కెం ఉన్న పొడుగాటి కడ్డీ, పొగకు ఎప్పుడూ ఎర్రగా ఉండే కళ్ళు. ఆమె తొట్లు ఆగితే వాడలో సుత్తెలన్నీ ఆగిపోతాయి. కడగని పళ్ళెం ఎవరూ కొనరు కదా.

ఆ తొట్ల నుంచి బయటికి పోయే నీళ్ళు నీలంగా ఉండేవి. కాలుష్యం చూసే అధికారి ఒకాయన వచ్చి చూసి, పండుగ తర్వాత మళ్ళీ వస్తానని, అప్పటికీ నీళ్ళు ఇలాగే పోతుంటే షెడ్డు మూసేస్తానని చెప్పి వెళ్ళాడు. వాడ పెద్దలు కంగారుపడి కాలేజీకి వచ్చారు. సారు కుర్చీలోంచి లేవకుండానే అభయం ఇచ్చాడు. "పరేషాన్ గాకుండ్రి. నా బిడ్డను పంపిస్త మీ కాడికి."

గొట్టాన్ని అక్కడికి తరలించి బిగించింది నేనూ, కాటారం. పంపు మెల్లగా పెట్టాను. పూసలు మెతుకుల్లా కదిలాయి. వారం తిరిగేసరికి పూసలు లావెక్కాయి, నీళ్ళ నీలం పలచబడింది. అనసూయక్క చెంబుతో ముంచి వెలుగులో పట్టి చూసుకుని, ఆ చెంబు నా చేతిలో పెట్టింది. నేను చేసిన చదువుకు అదొక్కటే నాకు గుర్తున్న బహుమానం.

అప్పుడు దసరా వచ్చింది.

ఇత్తడి వాడలో ఆయుధపూజ మామూలు పూజ కాదు. సుత్తెలు, దాగళ్ళు, ఉలులు, అన్నిటినీ కడిగి, చాప మీద వరసగా పెట్టి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూలు వేస్తారు. ఇక పండుగ దాటి పనికి ఎత్తేదాకా వాటి మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. పనిముట్లకు అది విశ్రాంతి. పొరపాటున పిల్లల కాలు తగిలినా లెంపలేయిస్తారు. అనసూయక్క ముందే సారుతో చెప్పింది. "సారూ, మీ మిషన్‌కు గూడ పూజ చేస్తం. చేసినంక మల్ల తీసేదాక మేం ముట్టం. దాన్ని గూడ బందువెట్టుండ్రి."

నేను సారుకు మరీ మరీ చెప్పాను. పంపు ఆపితే కరెంటు కూడా ఆపాలి. పూసలు అడుగున కుదురుకుని ఉన్నప్పుడు కరెంటు పారుతుంటే, పూత పూసల మీద కాకుండా పూసల సందుల్లో పడి, అన్నిటినీ కలిపి అతికించేస్తుంది. "నాకు తెల్వదా? నాకు చెప్తున్నవా?" అన్నాడు. నేను పండుగకు తండాకు బస్సెక్కాను.

పూజ రోజు మా యాడి, అంటే అమ్మ, చేసిన రొట్టె తింటూ ఫోను చూస్తే సారు స్టేటస్ కనబడింది. గొట్టానికి బంతిపూల దండ. పక్కన శాలువాతో సారు, చేతిలో హారతి పళ్ళెం. వెనకాల కరెంటు పెట్టెకు ఎర్రదీపం వెలుగుతోంది, ముల్లు పైకి లేచి ఉంది. అడుగున పూసలు కదలకుండా పడి ఉన్నాయి. పంపు ఆగింది. కరెంటు పారుతోంది.

ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. ఫోటో కోసం. దీపం వెలగకపోతే యంత్రం చచ్చినట్టు కనబడుతుంది. పంపు మోగితే మంత్రం వినబడదు.

సారుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. చివరికి అనసూయక్కకు చేశాను.

"అక్క, ఎర్రలైటు ఇంక ఎలుగుతున్నదా?"

"ఎలుగుతున్నది చెల్లె, కిటికీలకెల్లి కనబడ్తున్నది. సారు గట్లనే ఉంచమన్నడు. మిషన్ అర్రకు తాళమేసుకొని పోయిండు."

"దాన్ని ఆపాలె అక్క, ఎట్లన్న ఆపాలె."

"తాళం సారు కాడున్నది. ఉన్నా గని, పూజ చేసిన దాన్ని నేనెట్ల ముట్టాలె?" అంది. ఆ గొంతులో భయం ఉంది. ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు, ఏదో జరుగుతోందని మాత్రం తెలుసు. పండుగ పూట బస్సులు లేవు. నేను తండాలో కూర్చుని ఆ ఎర్రదీపం ఫోటో చూస్తూ ఉండిపోయాను.

పండుగ దాటాక సారు తాళంచెవి పంపితే అందరం కలిసి తాళం తీశాం. నేను గొట్టంలోకి కర్ర పెట్టి కదిపాను. పూసలు కదల్లేదు. బూందీ పోస్తే లడ్డూ అయినట్టు, కడ్డీ చుట్టూ అంతా ఒకటే గడ్డ. తీయబోతే గొట్టం అడుగున పగులు పారింది. వాడవాళ్ళు ముక్కు మీద వేలేసుకుని నిలబడ్డారు.

సారు వచ్చి చూశాడు. చాయ్ అడిగాడు. చాయ్ తాగాడు. అప్పుడు అనసూయక్క వైపు తిరిగి అన్నాడు: "మీ పూజ కొంప ముంచింది. మిషన్ బందువెట్టుమన్నది నువ్వే గద? నడిచే మిషన్‌ను ఆపితే గిట్లనే అయితది."

దేవుడికి చేసిన పూజలో తానే ఏదో తప్పు చేశానని ఆమె ఆ క్షణాన నమ్మింది. నమ్మడం నాకు కనబడింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మనిషిని నేను ఎందుకు క్షమించలేదంటే ఇందుకే. దొంగ లెక్కలు వేస్తే వేశాడు, శాలువాలు తిప్పితే తిప్పాడు. ఆమె నెత్తిన ఆ పాపం పెట్టి, గ్లాసు అడుగున మిగిలిన చాయ్ చూసుకున్నాడు.

"పంపు ఆపినందుకు కాదు. కరెంటు ఆపనందుకు. ఆపనిది మీరు" అన్నాను, అందరి ముందే.

"గూడూరు, నీకు పండుగ మత్తు ఇంక దిగలే. ఇంటికి పో" అన్నాడు.

మర్నాడే అధికారి రావాలి. సారు కాలేజీలో వాడకుండా మూలన పడేసిన పాత గొట్టం ఒకటి తెప్పించాడు. దాన్ని నిలబెట్టి, కొత్త పూసలు పోసి, పంపు జోరుగా పెడితే అవి ఎగురుతాయి. కానీ ఎగిరే పూసలు నీలాన్ని తీయవని ఆయనకూ తెలుసు. లేతు మిషన్ దగ్గర రాలే ఇనుప పొట్టు గోనె సంచుల్లో వచ్చింది. దాన్ని నీళ్ళు బయటికి పోయే తొట్టి అడుగున పరిపించి, పైన జాలీ వేయించాడు. నీలం నీళ్ళలో ఇనుము వేస్తే రాగి ఇనుముకు పట్టుకుంటుంది, ఇనుము కరిగి నీళ్ళలో కలుస్తుంది. నీలం పోతుంది. ఎనిమిదో తరగతి పిల్లలు మేకు ముంచి చేసే ప్రయోగం. ఇనుము అయిపోయేదాకే ఆ వైభోగం, తర్వాత మళ్ళీ నీలమే. పులుపు మాత్రం దాదాపు అట్లాగే ఉంటుంది.

"నీళ్ళు తెల్లగ కనబడాలె. గంతే గద ఆయనకు కావల్సింది" అని చేతులు దులుపుకున్నాడు సారు.

పొద్దున అధికారి రాకముందే నేను అనసూయక్కను షెడ్డు వెనక్కి తీసుకుపోయి అంతా చెప్పాను. జాలీ కింద ఏముందో, అది ఎంతసేపు పనిచేస్తుందో, తర్వాత ఏమవుతుందో.

"ఇప్పుడు గీ ముచ్చట చెప్తే?" అంది.

"షెడ్డు బందువెడ్తరు."

"చెప్పకపోతే?"

"ఇయ్యాల గడుస్తది. ఇనుము కరిగినంక మల్ల దొరుకుతం. అప్పుడు సారు ఉండడు, నువ్వే ఉంటవు."

"బందువెట్టినంక మల్ల తెరుస్తమా?"

"నేను సక్కగ నడిపిస్త అక్క. ఎన్నొద్దులు పడ్తదో మాత్రం చెప్పలేను."

ఆమె తొడుగులు తీసి, మళ్ళీ వేసుకుంది. వాడలో అప్పుడే సుత్తెలు మొదలయ్యాయి. ఆ చప్పుడు వింటూ నిలబడింది. ఆమె ఒక్కదాని తిండి కాదు కదా అది.

అధికారి వచ్చాడు. "రండి రండి, దయచేయండి" అని సారు ఎదురెళ్ళాడు. చక్రం తిప్పాడు. "లేస్తోంది... లేస్తోంది..." పూసలు ఎగిరాయి. అధికారి ఫోను తీసి వీడియో తీసుకున్నాడు. ఆ తర్వాత తొట్టి నుంచి పారే తెల్లటి నీళ్ళను చూసి "అద్భుతం సార్" అన్నాడు. సారు తల వంచాడు, శాలువా పడబోతున్నట్టు.

అనసూయక్క కొక్కెం కడ్డీ పట్టుకుని వచ్చింది. జాలీకి కొక్కెం తగిలించి పైకి లాగి పక్కన పడేసింది. మళ్ళీ కడ్డీ ముంచి, ఇనుప పొట్టును ఒక ఉండగా లేపి తెచ్చి, అధికారి బూట్ల ముందు పెట్టింది. అది ఎర్రగా రాగి పట్టి నీళ్ళు కారుతోంది.

"అయ్యా, ఆ మిషన్ ఉత్తదే ఆడుతున్నది. పని చేస్తున్నది గిది. గిది గూడ అయిపోతది" అంది.

సారు మొహం చూడాల్సింది. గాలి తీసేసిన ట్యూబులా అయింది. కానీ ఒక్క క్షణమే. "అది సెకండరీ స్టేజ్ అండీ" అన్నాడు. "అదనపు దశ. ఈవిడకు చదువు లేదు, తెలియక మాట్లాడుతోంది." నాకు ఆ రోజు నిజంగా అసహ్యం వేసింది. దొరికిపోయినవాళ్ళు సిగ్గుపడటమో, కోపం తెచ్చుకోవడమో చూశాను. దొరికిపోయిన వస్తువుకు అప్పటికప్పుడు ఇంగ్లీషు పేరు పెట్టినవాణ్ణి ఇంకెక్కడా చూడలేదు.

అధికారి వీడియో తుడిచేసుకున్నాడు. సరిగ్గా చేసేదాకా తొట్లు ముట్టొద్దని చెప్పి వెళ్ళిపోయాడు. సారు కారెక్కుతూ అద్దం దించి, "నీ పొట్ట నువ్వే కొట్టుకున్నవు. వాడకట్టు పొట్ట గూడ కొట్టినవు" అని ఆమెతో అన్నాడు. అద్దం ఎత్తుకున్నాడు. మళ్ళీ నెలల తరబడి అటు వైపు రాలేదు. నా గైడుగా ఉండనని విశ్వవిద్యాలయానికి చెప్పేశాడు. నా చదువు ఇంకొకరి దగ్గర, ఎంతో ఆలస్యంగా ముగిసింది. దాని గురించి నాకు బాధ లేదు. ఆ తప్పిపోయిన గొర్లన్నీ నా థీసిస్‌లో ఉన్నాయి.

ఆ చలికాలం వాడ బతుకు బాగాలేదు. కడగని పళ్ళాలు నల్లగా గోడలకు ఆనించి ఉండేవి. కొందరు పట్నంలో వాచ్‌మన్ పనులకు పోయారు. అనసూయక్క ఎదురుగానే ఆమెను తిట్టినవాళ్ళున్నారు. "నోరు మూసుకుంటే ఏం పోయేది?" అనేవాళ్ళు. ఆమె పత్తి ఏరడానికి పోయి, సాయంత్రం వచ్చి నాతో గొట్టం దగ్గర కూర్చునేది. పగిలిన చోట అతుకు వేశాం. ఆ రాగి గడ్డను వాడవాళ్ళే ఉలితో చీల్చి, సన్నగా కొట్టి ఇచ్చారు. పంపు మెల్లగా, ఇంకా మెల్లగా. పూత పడేది, ఆగేది, మళ్ళీ పడేది. రెండో తొట్టి, సున్నం నీళ్ళు, అన్నీ ఒక్కొక్కటీ కుదిరాయి. ఎండలు ముదరకముందే అధికారి వచ్చి, ఈసారి సీసాలో నీళ్ళు పట్టుకుపోయి పరీక్ష చేయించి, షెడ్డు తెరుచుకోమన్నాడు.

తెరిచిన రోజు ఎవరూ పిలవకుండానే సారు వచ్చాడు. వెంట ఫోటోగ్రాఫరు. ఏమీ జరగనట్టే "నా బిడ్డ ఎట్లున్నది?" అంటూ నేరుగా పోయి పంపు చక్రం మీద చెయ్యి వేశాడు. మెతుకుల్లా కదిలే పూసలు ఆయన కంటికి ఆనలేదు. "గిదేం ఆట, సచ్చినట్టున్నది" అని తిప్పబోయాడు. అనసూయక్క ఆయన మణికట్టు పట్టుకుని, ఆ చేతిని చక్రం మీంచి తీసి పక్కన పెట్టింది.

"ముట్టకు సారూ."

అంతే అంది. వాడంతా చూస్తుండగా. ఆయన నవ్వేసి, సంచిలోంచి శాలువా తీసి ఆమెకు కప్పబోయాడు. ఆమె దాన్ని పట్టుకుని తిప్పి చూసి, "మా మామకు నిరుడు కప్పింది గిదే గద, మల్ల మీ కాడికి ఎట్లొచ్చింది?" అని అడిగింది. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఫోటోగ్రాఫరు కెమెరా దించేశాడు. నేను ఆయన్ని చూడటం అదే ఆఖరుసారి.

ఆయన పోయిన మర్నాడు సాయంత్రం, భూపాలపల్లి బస్టాండులో నిలబడి ఉండగా అనసూయక్క ఫోన్ చేసింది.

"చెల్లె, సారు పోయిండు. ఎరికేనా?"

"ఎరికే అక్క."

"నువ్వు వస్తవేమో అనుకున్న."

"రాను అక్క. నాకు రాబుద్ధి కాలేదు."

"నేను పొయ్యొచ్చిన."

నాకు కోపమే వచ్చింది. షెడ్డు మూయించి, పూజ మీద నింద వేసి, వాడంతా తిట్టేలా చేసిన మనిషి గడపకు ఈమె ఎందుకు పోవాలి? అదే అడిగాను.

అవతల ఇత్తడి పళ్ళాలు ఒకదానికొకటి తగిలే చప్పుడు, నీళ్ళ చప్పుడు. తొట్ల దగ్గర నిలబడే మాట్లాడుతోంది.

"గాజు పెట్టెల పండవెట్టిండ్రు చెల్లె. లోపట లైటు పెట్టిండ్రు. శాలువా కప్పిండ్రు. అందరు దండం పెట్టుకుంట పోతున్నరు. నేను గాడనే జరసేపు నిలబడి చూసిన. నాకు నమ్మబుద్ధి కాలే."

"మరి?"

"కిందికి వంగి, పెట్టె అడుగున గూడ చూసిన. ఏం లేదు. నిజంగనే పోయిండు."